వంగిన మెడకు దణ్ణాలు

ఇంకా తెల్లవారలేదు. వసారాలో అడుగుల చప్పుడు వినబడింది. శాంతకుమారి కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఆ చప్పుడు నిజమైపోతుందని ఆవిడ భయం.

ఒక కాలు కొంచెం ఈడుస్తున్నట్టు, రెండో కాలు ఆగి ఆగి పడుతున్నట్టు, గోడ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న మనిషి నడక అది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఈ నడకే విన్నది. అప్పుడు తిరిగిన మనిషి ఆవిడ భర్త వేంకటాచలంగారు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు తిరుగుతున్నది కొడుకు అనిరుధ్.

"ఏరా నాన్నా, అప్పుడే లేచావేం?" అని పడుకున్న చోటి నుంచే అడిగింది.

"ఏం లేదమ్మా. నడుం పట్టేసింది. కాస్త తిరిగితే అదే సర్దుకుంటుంది. నువ్వు పడుకో."

ఆ మాట కూడా కొత్తది కాదు. అక్షరం తేడా లేకుండా ఆయనా అలాగే అనేవారు. ఎండాకాలమే అయినా శాంతకుమారి దుప్పటి మెడ దాకా లాక్కుంది. 

ఉంగుటూరు దాటి కాలవ గట్టు వెంట లోపలికి వెళితే వస్తుంది వాళ్ళ ఊరు. చుట్టూ వరిచేలు, మధ్యలో వేణుగోపాలస్వామి గుడి, గుడి వెనక సందులో అర్చకుల ఇల్లు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి స్వామి కైంకర్యం వస్తూ ఉన్న కుటుంబం. వేంకటాచలంగారు ముప్ఫై ఏళ్ళు రాకముందే పొద్దున్న పూట కొయ్యబారిపోయేవారు. నలభై దాటేసరికి వీపు విల్లులా వంగింది. యాభై వచ్చేసరికి ఆయనకు తన కాళ్ళకు రెండు బారల ముందున్న నేల తప్ప ఇంకేమీ కనబడేది కాదు. పక్క నుంచి ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక, బీరువాను జరిపినట్టు ఒళ్ళంతా తిప్పుకునేవారు.

ఊళ్ళో ఎవరూ ఇది రోగమనుకోలేదు. ఎందుకు వంగారని ఒక్కరూ అడగలేదు. వాళ్ళే ఒక అర్థం చెప్పుకున్నారు. "మా పంతులుగారి తల స్వామి పాదాల మీంచి లేవదండీ. అంత వినయం! అంత భక్తి!" అనేవారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళను తీసుకొచ్చి ఆయన కాళ్ళకు మొక్కించేవారు. తాడేపల్లిగూడెం నుంచి, గణపవరం నుంచి కార్లలో వచ్చి, పసిపిల్లల్ని ఆయన వంగిన తల కింద పెట్టి ఆశీర్వాదం తీసుకునేవారు. బ్రహ్మోత్సవాల్లో ఒకసారి మైకులోనే చెప్పారు, వంగిన ఆ మెడను చూస్తే చాలు, పుణ్యం వస్తుందని.

ఆయన ఇంటికొచ్చి నవ్వేవారు. "పోనీలే శాంతా. నొప్పంటే జాలిపడతారు. భక్తంటే దణ్ణం పెడతారు. ఏది నయం, నువ్వే చెప్పు?"

 లోపల సంగతి ఆవిడ ఒక్కర్తికే తెలుసు. ఆయన స్వామి ముఖం చూసి ఏళ్ళు గడిచిపోయాయి. మూలవిరాట్టు మనిషెత్తున ఉంటాడు. ఆయన చూపు స్వామి మోకాళ్ళ దగ్గరే ఆగిపోయేది. ముఖానికి నామం దిద్దాలంటే ఎడమచేతి వేళ్ళతో రాతి కనుబొమలు తడుముకుని, ఆ గుర్తు మీద కుడిచేత్తో దిద్దేవారు. అలంకారం అయ్యాక తెర తీయకముందు, తెరకు లోపలి పక్క, గడప బయట నిలబడ్డ భార్యను మెల్లిగా అడిగేవారు. "శాంతా, కిరీటం సరిగ్గా ఉందా?"

"కొంచెం ఎడమకండీ. ఆఁ, అక్కడే."

తెర తీశాక జనం "ఏం అలంకారమండీ! కళ్ళు చాలడం లేదు" అని లెంపలేసుకునేవారు. ఆయన నేలను చూస్తూ హారతి పట్టేవారు.

అనిరుధ్‌కి ఈ సంగతి తెలియదు. వాడు ఆ దణ్ణాల మధ్య పుట్టి పెరిగిన పిల్లాడు. తండ్రి మెడ భక్తితోనే వంగిందని ఊరితో పాటు వాడూ నమ్మాడు. ఆయనా చెప్పనివ్వలేదు. "పిల్లాణ్ణి భయపెట్టకు" అనేవారు.

డిగ్రీ చదివి, ఆగమం నేర్చుకుని, తండ్రి పోయాక గుడి బాధ్యత వాడే తీసుకున్నాడు. వయసు పాతికేళ్ళు. ఇరవై దాటినప్పటి నుంచీ పిరుదులో నొప్పి అంటూనే ఉన్నాడు. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. బండి మీద తిరగడం వల్లనేమో అనుకున్నారు. అరుగుల మీద వైద్యానికి మన వైపు కొదవేముంది? వాతం చేస్తుందని బంగాళాదుంప మానిపించారు, శనగపిండి మానిపించారు, చివరికి వంకాయ కూడా మానిపించారు. ఆముదం పట్టించారు. ఇసుక వేయించి కాపడం పెట్టారు. తాడేపల్లిగూడెంలో ఒక డాక్టరు నడుముకు బెల్టు ఇచ్చి, మంచం దిగకుండా విశ్రాంతి తీసుకోమన్నాడు. విశ్రాంతి తీసుకున్నకొద్దీ నడుం ఇంకా బిగిసింది. మూడో రోజు కొడుకును మంచం మీద నుంచి లేపడానికి శాంతకుమారి భుజం పట్టాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి మాత్రం వాడు మామూలుగా తిరిగేవాడు. సాయంత్రం చూసినవాళ్ళు "కుర్రాడికేం, నిక్షేపంలా ఉన్నాడు" అనేవారు.

ఆవిడ మాత్రం కొడుకు నీళ్ళు తాగుతున్నప్పుడు చూసేది. వాళ్ళింట్లో చెంబు పెదవులకు తగలనివ్వరు. తల వెనక్కి వాల్చి, పైనుంచి ధారగా పోసుకోవాలి. వేంకటాచలంగారు ఒకనాడు చెంబును పెదవులకు ఆనించి తాగారు. అత్తగారు "ఎంగిలి! ఆచారం మంటగలుపుతున్నావురా" అని కేకలేసింది.  ఆయన మెడ వెనక్కి వాలడం లేదని ఆ రోజే శాంతకుమారికి అర్థమైంది. అందుకే ఇప్పుడు కొడుకు చెంబు ఎత్తినప్పుడల్లా ఆవిడ చేస్తున్న పని ఆగిపోయేది. ధార సరిగ్గా పడిందంటే ఊపిరి పీల్చుకునేది. ఒకరోజు నీళ్ళు గడ్డం మీదుగా కారి ఉత్తరీయం తడిసింది. "చెయ్యి జారిందమ్మా" అన్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఆ వారమే గుడి కమిటీ పెద్ద కోదండరామయ్య ఇంటికొచ్చారు. వరిచేలూ చేపల చెరువులూ ఉన్న మోతుబరి రైతు. మనసు మెత్తన, గొంతు మాత్రం పెద్దది.

"ఏవండీ అమ్మగారూ! ఓ శుభవార్తండీ!"

"ఏమిటండీ?"

"మన కుర్ర పంతులుగారికి కూడా పెద్దాయన లక్షణాలు వచ్చేస్తున్నాయండీ బాబూ! నిన్న హారతి పడతంటే చూశానండీ. భుజాలు అలా ముందుకొచ్చి, తల అలా దించుకుని... అచ్చు నాన్నగారేనండీ! నాకు ఒళ్ళు గగుర్పొడిచిందనుకోండి. ఇంకో పదేళ్ళు ఆగండి, మన గుడికి మళ్ళీ ఆ వైభవం వస్తది. ఆయ్!"

శాంతకుమారి ఆయనకు మంచినీళ్ళు ఇవ్వబోతోంది. గ్లాసు చేతిలోంచి జారి పడింది.

"అయ్యయ్యో, ఆనందంతో చేతులు వణుకుతున్నాయండీ అమ్మగారికి!" అన్నారు కోదండరామయ్య.

తర్వాత కొద్ది రోజులకే అనిరుధ్ కన్ను ఎర్రబడింది. సుదర్శన హోమం చేయించి వచ్చిన మర్నాడు కావడంతో, పొగ వల్లే అనుకున్నారు. ఆవిడ పెరట్లో నందివర్ధనం పూలు కోసి తడిపి కళ్ళ మీద పెట్టింది. సాయంత్రానికి వెలుతురు చూడలేక తువ్వాలు కప్పుకున్నాడు. "అమ్మా, కన్ను లోపల ఎవరో నొక్కుతున్నట్టుంది. గోడ మీద క్యాలెండర్ మసకగా కనబడుతోంది" అన్నాడు. ఇక ఆగలేదు. ఇద్దరూ బస్సెక్కి ఏలూరు వెళ్ళారు.

కంటి డాక్టరు రవిశంకర్‌గారు పెద్దవయసు మనిషి. యంత్రంలోంచి చాలాసేపు చూశారు. తల ఎత్తి అడిగారు.

"నడుం నొప్పేమైనా ఉందా బాబూ?"

అనిరుధ్ అంత బాధలోనూ నవ్వాడు. "కంటికొస్తే నడుం సంగతి అడుగుతున్నారేంటండీ?"

"ఇది పొగ వల్ల వచ్చిన ఎరుపు కాదు. వాపు కంటి లోపల ఉంది. ఇలాంటి కన్నుతో వయసు కుర్రాడు వస్తే నడుం సంగతి అడగడం మాకు అలవాటు. చెప్పు, నొప్పి పొద్దున్న ఎక్కువా, సాయంత్రం ఎక్కువా?"

"పొద్దున్నేనండీ."

"పడుకుంటే తగ్గుతుందా, తిరిగితే తగ్గుతుందా?"

"తిరిగితేనండీ."

డాక్టరుగారు నవ్వలేదు. కంట్లో వేయడానికి రెండు రకాల చుక్కలు రాశారు. "ఆలస్యం చేసుంటే చూపుకే మోసం వచ్చేది. చుక్కలు చెప్పినట్టు వేసుకో, మధ్యలో మానకు. ఇప్పుడే వెళ్ళి కీళ్ళవాతం డాక్టరుగారిని కలవండి. మైత్రేయిగారని, ఈ వీధి చివరే. నేను ఫోన్ చేసి చెబుతాను."

ఆ వీధిలో ఎలా నడిచిందో శాంతకుమారికి తెలియదు. కన్నూ నడుమూ ఒకే రోగమా? అయితే ఆయన కళ్ళు కూడా అప్పుడప్పుడూ ఎర్రబడేవే. హారతి కర్పూరం అనుకునేవాళ్ళం. 

డాక్టరు మైత్రేయి నలభై ఏళ్ళ మనిషి. తొందర లేకుండా మాట్లాడింది. అనిరుధ్‌ను గోడకు మడమలు, వీపు ఆనించి నిలబెట్టి తల వెనక్కి ఆనించమంది. ఆనింది, కానీ గడ్డం పైకి లేపి కష్టపడితే ఆనింది. ముందుకు వంగమంది. నడుం మీద టేపుతో కొలిచింది. గట్టిగా ఊపిరి పీల్చమని ఛాతీ కొలిచింది. కుర్చీలో కూర్చోబెట్టి అడిగింది.

"ఇంట్లో ఎవరికైనా ఇలాంటి నడుం నొప్పి, వీపు వంగిపోవడం ఉందా? నాన్నగారికి, బాబాయిలకి?"

"లేదండీ" అన్నాడు అనిరుధ్ వెంటనే. "నాన్నగారు వంగి ఉండేవారు గానీ అది భక్తండీ. మా వైపు అందరికీ తెలుసు." ఫోన్‌లో ఒక ఫొటో వెతికి గర్వంగా చూపించాడు. బ్రహ్మోత్సవాల్లో తండ్రి. చుట్టూ జనం చేతులు జోడించి ఉన్నారు. ఆయన ముఖం ఫొటోలో పడలేదు. నడినెత్తి మాత్రం పడింది.

డాక్టరు ఆ ఫొటోను చాలాసేపు చూసింది. ఆ తర్వాత శాంతకుమారి వైపు చూసింది. 

శాంతకుమారి ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. ఒక్క మాట అంటే ఆయన పరువు, ఆయనకు పెట్టిన దణ్ణాలు, పోయినవాడికి మిగిలిన కాస్త మర్యాద, అన్నీ ఈ గదిలో కిందపడిపోతాయి. అనకపోతే?

"భక్తి కాదమ్మా" అంది.  "నొప్పి."

"అమ్మా!"

"నువ్వుండు నాన్నా. భక్తి ఉంది. లేకపోలేదు. మెడ వంగింది మాత్రం దాని వల్ల కాదమ్మా. నా పెళ్ళినాటికే పొద్దున్న లేవలేకపోయేవారు. వీడిలాగే వసారాలో తిరిగేవారు. ఆఖరి పదేళ్ళూ స్వామి ముఖం చూడలేదు. కిరీటం సరిగ్గా ఉందో లేదో నన్నడిగేవారు. వెల్లకిలా పడుకోలేరు. పడుకుంటే తల గాల్లో ఉండేది. దాని కింద నాలుగు దిళ్ళు పెట్టేదాన్ని."

డాక్టరు తల ఊపింది. "ఎలా పోయారమ్మా?"

శాంతకుమారి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనలో తాను కూడా పూర్తిగా చెప్పుకోలేదు.

"వీడు ఊళ్ళో లేని రోజు, అభిషేకం నీళ్ళ మీద కాలు జారింది. పెద్ద దెబ్బేం కాదమ్మా. మాట్లాడుతూనే ఉన్నారు. మెడ కదపకండిరా అంటూనే ఉన్నారు. జనం పరిగెత్తుకొచ్చి ఎత్తి, చాప మీద వెల్లకిలా పడుకోబెట్టారు. వద్దండీ, ఆయన అలా పడుకోలేరండీ అని అరిచాను. ఆ గోలలో ఎవరికి వినబడుతుంది? తల లేచి ఉందని... మంచికేనమ్మా, మంచి చేద్దామనే... తలను మెల్లగా కిందికి నొక్కారు. అంతే. కాళ్ళూ చేతులూ పడిపోయాయి. మూడో రోజు పోయారు."

 అనిరుధ్ ఫోన్ బోర్లా పెట్టేశాడు.

డాక్టరు మైత్రేయి కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకుంది. "అమ్మా, మీరు చెప్పింది ఈ అబ్బాయికి చాలా ఉపయోగపడుతుంది. వినండి. దీన్ని స్పాండిలైటిస్ అంటాం. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి వెన్ను కీళ్ళ మీద పడుతుంది. అక్కడ వాపొస్తుంది. ఏళ్ళ తరబడి వాపు అలాగే ఉంటే పూసకీ పూసకీ మధ్య ఎముక పెరిగి అతుక్కుపోతుంది. వెన్నంతా వెదురుబొంగులా ఒకటైపోతుంది. అలా అయిన మెడ చిన్న దెబ్బకే విరుగుతుంది. మీవారికి జరిగింది అదే అయ్యుండాలి."

"వీడికీ అంతేనామ్మా?"

"పరీక్షలు చూడకుండా చెప్పను. అతుక్కున్నదాన్ని విడదీసే మందు లేదు. అతుక్కోకముందు అయితే చేతిలో మందులున్నాయి. పూర్తిగా నయం చేస్తాయని చెప్పను. చాలామందిలో అదుపులో ఉంచుతాయి."

తిరుగు బస్సులో అనిరుధ్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కంటికి నల్లద్దాలు. గుండుగొలను దాటాక అడిగాడు. "పదేళ్ళు చూడలేదా అమ్మా? నిజంగా?"

"నిజంగా."

"మరి రోజూ నాతో అనేవారు కదా, ఇవాళ స్వామి నవ్వుతున్నాడురా అని."

శాంతకుమారి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నడుం కింద కీళ్ళకు స్కానింగ్ తీశారు. రక్తం తీసుకున్నారు. ఫలితాలు వచ్చేదాకా ఆవిడకు అన్నం సయించలేదు. తులసికోట దగ్గర దీపం పెడుతూ ఏం కోరుకోవాలో తెలిసేది కాదు. రోగం లేదని రావాలని కోరుకుంటే అబద్ధం కోరుకున్నట్టు ఉండేది. చివరకు డాక్టరు స్కానింగ్ ఫిల్మును వెలుగుకు పట్టి చూపించింది. వాపు ఉంది, రెండువైపులా ఉంది. అతుకు ఇంకా పడలేదు. రక్తంలో ఆ రోగానికి చోటిచ్చే జన్యువు కూడా ఉంది. "అది ఉన్నవాళ్ళందరికీ రోగం రాదమ్మా. వీళ్ళ నాన్నగారి నుంచి వచ్చుంటుంది, అంతే" అంది.

ముందు మాత్రలిచ్చింది. అన్నం తిన్నాక, రోజూ, నొప్పి ఉన్నా లేకున్నా. మాత్రలతో సమానంగా వ్యాయామం అని గట్టిగా చెప్పింది. పొద్దున్నా సాయంత్రం బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తాలి. గోడకు ఆనుకుని నిలబడాలి. ఊపిరి నిండా పీల్చాలి. మెత్తటి పరుపు, ఎత్తు దిండు వద్దు. మంచం మీద విశ్రాంతి అసలే వద్దు. గూడెం డాక్టరిచ్చిన బెల్టు అటక ఎక్కింది.

గుడి తలుపులు తీయకముందు మండపంలో చాప పరిచి అనిరుధ్ బోర్లా పడుకుని ఛాతీ ఎత్తేవాడు. పాలు పోయడానికి వచ్చే ఆవిడ చూసింది. సాయంత్రానికి ఊరంతా పాకింది. "పంతులుగారు సినిమాల్లో చేరతన్నారంటండోయ్!" అని రచ్చబండ దగ్గర కుర్రాళ్ళు. "నాన్నగారు తల దించి పేరు తెచ్చుకున్నారు, ఈయన ఛాతీ విరుచుకుని తిరుగుతున్నాడు" అని పెద్దవాళ్ళు. శాంతకుమారి విని ఊరుకునేది. ఆవిడ భయాల్లో ఊరి మాట చాలా వెనక వరసలో ఉంది.

మాత్రలతో పొద్దున్న బిగుతు కొంత తగ్గింది. కొంతే. వానాకాలం మొదట్లో రెండో కన్ను ఎర్రబడింది. రక్తపరీక్షలో వాపు అలాగే ఉంది. డాక్టరు మైత్రేయి అప్పుడు ఇంజక్షన్ మాట ఎత్తింది. దారి తప్పిన ఆ శక్తిని అణిచే మందు, పదిహేను రోజులకోసారి తొడకో పొట్టకో చర్మం కింద వేసుకోవాలి.

"కానీ ఒక్క మాట. శక్తిని అణిచేదంటే, వేరే జబ్బులతో పోరాడే బలమూ కొంత తగ్గుతుంది. ఒంట్లో ఎక్కడైనా క్షయ దాగి ఉంటే నిద్ర లేస్తుంది. అందుకే ముందు ఆ పరీక్ష. మొదలెట్టాక జ్వరమొస్తే ఇంట్లో కషాయాలు కాచుకుంటూ కూర్చోవద్దు. వెంటనే నాకు ఫోన్ చేయాలి."

శాంతకుమారికి కొత్త భయం పట్టుకుంది. ఒక రోగాన్ని ఆపడానికి ఇంకో రోగానికి తలుపు తీస్తున్నామా? పరీక్షలో క్షయ లేదని తేలింది. అయినా భయం పోలేదు. ఖర్చుకు ఆవిడ అన్నగారూ గుడి కమిటీ తలో చెయ్యీ వేశారు. కమిటీలో ముందు చెయ్యెత్తింది కోదండరామయ్యే.

మొదటి ఇంజక్షన్ ఏలూరులోనే వేశారు. పెన్నులాంటి ఆ సూది ఎలా పట్టుకోవాలో నర్సు క్రిస్టినా నేర్పింది. కొల్లేటి లంక పిల్ల, గలగలా మాట్లాడుతుంది.

"అమ్మగారూ, ఇది ఫ్రిజ్‌లోనే పెట్టాలండీ. గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకూడదు. వేసుకునే ముందు ఓ అరగంట బయట పెట్టండి."

"మా ఫ్రిజ్‌లో స్వామి నైవేద్యానికి పాలూ పెరుగూ ఉంటాయి తల్లీ. ఇది పక్కన పెడితే..." ఆవిడ మాట మింగింది.

క్రిస్టినా నవ్వింది. "మా ఊళ్ళో ఒకాయన కొరమేను పులుసు గిన్నె మీద పెట్టుకున్నాడండీ. మందు బాగానే పనిచేసింది. దీనికి పట్టింపుల్లేవండీ. కావాలంటే స్టీలు డబ్బాలో వేరేగా పెట్టుకోండి, దానికీ మర్యాదగా ఉంటది."

శాంతకుమారి చాలా రోజులకు నవ్వింది. డబ్బా వేరే పెట్టింది.

మూడో ఇంజక్షన్ వేసుకున్న వారానికి అనిరుధ్‌కు జ్వరమొచ్చింది.

ఒళ్ళు ముట్టుకున్న చెయ్యి ఆవిడకు వెనక్కి రాలేదు. దగ్గు కూడా ఉంది. క్షయకూ దగ్గే కదా! పరీక్ష తప్పు చెప్పిందా? నా చేతులతో వీడి ఒంట్లోకి తెచ్చి పోశానా? డాక్టరుకు ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మంది. ఆటో దొరకలేదు. కోదండరామయ్య విని కారు తెచ్చారు. ఆయనే నడిపారు. తల్లీ కొడుకూ వెనక కూర్చున్నారు. కారు కాలవ గట్టు మీద గతుకుల్లో ఊగినప్పుడల్లా ఆవిడ కొడుకు మెడ వెనక అరచెయ్యి పెట్టింది.

అనిరుధ్ కళ్ళు మూసుకునే అన్నాడు. "ఇక చాలమ్మా. ఈ సూదులు మానేస్తాను. నాన్నగారు ఏ సూదులూ లేకుండా యాభై ఎనిమిదేళ్ళు బతికారు. ఆయనలాగే ఉంటాను. అందరూ దణ్ణం పెట్టారు కదా ఆయనకు."

"అదీ మాట!" అన్నారు ముందు నుంచి కోదండరామయ్య. "నేను మొదట్నించీ అనుకుంటానే ఉన్నానండీ అమ్మగారూ. స్వామి సేవ చేసేవాడికి సూదులేంటండీ? ఆయన మీద భారం వేసేయండి. పెద్దాయన ఎంత వైభవంగా వెళ్ళారు! ఊరు ఊరంతా కదిలొచ్చింది. ఆయ్."

శాంతకుమారి అద్దంలో ఆయన కళ్ళు చూసింది. ఆ రోజు గుడి మండపంలో చాప మీద వేంకటాచలంగారి తల రెండు చేతులా పట్టుకుని, "దించండి, మెల్లగా దించండి" అన్నది ఆ మనిషే. తన చేతుల్లోనే ఆ మెడ విరిగిందని ఆయనకు తెలియదు. ఇన్నాళ్ళూ ఆవిడ చెప్పలేదు. ఇప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ మధ్య ఆపుకుంది. ఆయన కారు నడుపుతున్నారు. కారులో కొడుకున్నాడు.

"కోదండరామయ్యగారూ" అంది. ఆవిడ ఆయన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "మీరు మంచివారు. మా ఇంటికి చాలా చేశారు. ఒక్కటి చెబుతాను, తప్పుగా అనుకోకండి. మావారి మెడ రోగంతో వంగింది. ఆయన వైభవంగా వెళ్ళలేదు. మీరంతా దణ్ణం పెట్టి ఇంటికెళ్ళేవారు. ఆయన తల కింద దిళ్ళు పెట్టింది నేను. నొప్పికి దిండు కొరుక్కుంటే, పొద్దున్నే ఆ గలీబు మార్చింది నేను."

కారు నెమ్మదించింది.  

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్. నాకూ భయమేరా. నీకంటే ఎక్కువ భయం. సూది వేస్తే ఏమవుతుందోనని భయం, వేయకపోతే ఏమవుతుందో కళ్ళారా చూశాను కనుక ఇంకా భయం. మానమని డాక్టరమ్మ చెబితే మాను. ఊరు చెప్పిందని మానితే ఊరుకోను."

డాక్టరు మైత్రేయి గొంతు చూసింది, ఛాతీ ఎక్స్‌రే తీయించింది, రక్తం చూసింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గొంతు వాచింది. నలుగురికీ వస్తున్న జ్వరమే. మందులు రాసింది. "జ్వరం పూర్తిగా తగ్గి, నేను చూసేదాకా ఈసారి ఇంజక్షన్ ఆపండి. ఆ తర్వాత వేసుకోవాలి. రావడం ఆలస్యం చేయలేదు, అది మంచి పని."

"మళ్ళీ ఇలా రాదని చెప్పగలరామ్మా?"

"చెప్పలేనమ్మా. వస్తే మళ్ళీ రండి."

శాంతకుమారికి ఆ జవాబు ఊరట కాలేదు. అయితే అబద్ధం చెప్పలేదని మాత్రం నచ్చింది. ఆయన పడిన రోజు అందరూ "ఏం కాదమ్మా, ఏం కాదు" అనే అన్నారు.

జ్వరం తగ్గింది. డాక్టరు చూసి వేసుకోమంది. ఆ రోజు మధ్యాహ్నం, నైవేద్యం అయి గుడి తలుపులు వేశాక, శాంతకుమారి డబ్బాలోంచి పెన్ను తీసి పీట మీద పెట్టింది. దాని చల్లదనం తగ్గేదాకా పక్కనే కూర్చుంది. బయట ఎవరో నారుమళ్ళకు నీళ్ళు వదిలిన చప్పుడు. అనిరుధ్ వచ్చి పీట ఎదురుగా కూర్చున్నాడు. పంచె తొడ దాకా జరిపి, దూదితో తుడుచుకున్నాడు. మూత తీసే ముందు ఆగాడు. 

"అమ్మా, నువ్వు అటు తిరుగు. నువ్వు అలా చూస్తుంటే నాకు ఇంకా భయంగా ఉంది."

 ఆవిడ చేతులు రెండూ పమిటలో చుట్టుకుంది.

"తిరగను. నువ్వు వెయ్యి."